పాతబస్తీ గెలిపించిన స్త్రీ: మాసూమా బేగం మూడు ఎన్నికలు

(హైదరాబాద్ పాతబస్తీలో పనిచేస్తున్న మహిళా కార్యకర్తల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగపాఠం)



పాతబస్తీ రాజకీయాల్లో స్త్రీల గురించి మాట్లాడమని నిర్వాహకులు నన్ను అడిగారు. "అక్కడ స్త్రీలెవరున్నారని, ఏం మాట్లాడతారు?" అని మనలోనే కొందరికి అనిపించవచ్చు. చార్మినార్, యాకుత్‌పురా, చాంద్రాయణగుట్ట, బహదూర్‌పురా అంటే మనకు గుర్తొచ్చే శాసనసభ్యులంతా పురుషులే. మన సమావేశాల్లో కూడా ఒక మాట తరచు వినబడుతుంది. పాతబస్తీలో పర్దా ఎక్కువ, మతం పట్టు ఎక్కువ, అందువల్ల అక్కడి జనం స్త్రీని ఎన్నుకోరు అని. రాజకీయ పార్టీలు ఈ మాటే అంటాయి. పత్రికలు ఇదే రాస్తాయి. స్త్రీల హక్కుల కోసం పనిచేసే మనం కూడా పరీక్షించకుండానే ఒప్పేసుకుంటున్నాం.

ఈ రోజు ఆ మాటను ఒక శాసనసభ్యురాలి ఎన్నికల చరిత్ర పక్కన పెట్టి చూద్దామని నా ఉద్దేశం. ఆమె పేరు మాసూమా బేగం. 1952లో హైదరాబాద్ రాష్ట్ర శాసనసభకు జరిగిన తొలి సార్వత్రిక ఎన్నికల్లో కాంగ్రెస్ అభ్యర్థిగా షాలిబండ నుంచి గెలిచారు. 1957లో ఆంధ్రప్రదేశ్ శాసనసభకు పత్తర్‌గట్టి నుంచి గెలిచారు. 1960లో మంత్రి అయ్యారు. 1962లో మంత్రిగా ఉండి అదే పత్తర్‌గట్టిలో ఓడిపోయారు. ఎన్నికల పట్టికలో ఇది మూడు వరుసల్లో అయిపోతుంది. ఆ మూడు వరుసల్లో మనకు కావలసిన పాఠం చాలా ఉంది.

ముందు ఆ రెండు పేర్లనూ గమనించండి. షాలిబండ చార్మినార్‌కు దక్షిణాన ఉంది. పత్తర్‌గట్టి మదీనా నుంచి చార్మినార్ వరకు సాగే రాతి కమానుల బజారు. 1908లో మూసీ వరద ముంచెత్తిన తర్వాత నగరాభివృద్ధి బోర్డు కట్టించిన బజారు అది. బట్టలు, ముత్యాలు, అత్తరు అమ్మే ఆ వీధికి మీలో చాలామంది పెళ్లి కొనుగోళ్లకు వెళ్లే ఉంటారు. అంటే మాసూమా బేగంను గెలిపించింది నగర శివార్లు కాదు, కొత్త కాలనీలు కాదు. పాతబస్తీ నడిబొడ్డు గెలిపించింది. అది కూడా ఇప్పటికంటే పర్దా ఎంతో కఠినంగా ఉన్న రోజుల్లో, రెండుసార్లు. ఇంతవరకు చెప్పగానే "అక్కడి జనం స్త్రీని ఎన్నుకోరు" అనే మాట కూలిపోతుంది. మిగిలే ప్రశ్న వేరు. ఎన్నుకున్న జనమే తర్వాత అరవై ఏళ్లపాటు ఎందుకు ఎన్నుకోలేదు? అసలు ఎన్నుకునే అవకాశం వాళ్లకు ఎవరు ఇచ్చారు, ఎవరు ఇవ్వలేదు?

జనానా నుంచి శాసనసభకు

మాసూమా బేగం సామాన్య కుటుంబం నుంచి రాలేదు. ఈ విషయాన్ని దాచకుండా చెప్పుకోవాలి. తల్లి తయ్యబా బేగం బిల్‌గ్రామీ మద్రాసు విశ్వవిద్యాలయం పట్టా పొందిన తొలితరం ముస్లిం స్త్రీలలో ఒకరు, ఉర్దూ రచయిత్రి. తాతగారు ఇమాదుల్ ముల్క్ సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీ నిజాం ప్రభుత్వంలో విద్యాశాఖను నడిపిన పెద్ద అధికారి. మాసూమా బేగం చదివింది మహబూబియా బాలికల పాఠశాలలో. భర్త హుసేన్ అలీ ఖాన్ ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు ప్రొఫెసర్. చదువు, ఇంట్లో ప్రోత్సాహం, నౌకర్లు, బండి, అధికారులతో పరిచయాలు - ఇవన్నీ ఆమెకు పుట్టుకతో వచ్చాయి. అదే కాలంలో షాలిబండ గల్లీల్లో జరీ కుట్టే స్త్రీకి, లాడ్ బజారుకు లక్క గాజులు చేసిచ్చే స్త్రీకి ఇందులో ఒక్కటీ లేదు.

అయితే వర్గం పేరుతో ఆమె పనిని కొట్టిపారేయడం కూడా పొరపాటే. 20వ శతాబ్దం మొదటి దశాబ్దాల్లో హైదరాబాద్‌లో ముస్లిం స్త్రీలు నడిపిన సంఘాల చరిత్రను మన తెలుగు స్త్రీవాదులం చాలా తక్కువ చదివాం. మన పుస్తకాలు వీరేశలింగం గారితో మొదలై ఆంధ్ర మహాసభలోని మహిళా సభల మీదుగా తెలంగాణ సాయుధ పోరాటానికి వచ్చేస్తాయి. ఆ దారిలో ఉర్దూ లేదు. తయ్యబా బేగం నడిపిన అంజుమనె ఖవాతీన్, పత్రికా సంపాదకురాలిగా పేరు తెచ్చుకున్న సుగ్రా హుమాయూన్ మీర్జా, బాలికల బడులు, పర్దాలో ఉన్న స్త్రీల కోసం పెట్టిన సభలు - ఇవేవీ మన ఉద్యమ చరిత్రలోకి రాలేదు. 1921లో తల్లి చనిపోయాక అంజుమన్ బాధ్యత మాసూమా బేగం తీసుకున్నారు. 1927లో పూనాలో అఖిల భారత మహిళా సభ ఏర్పడిన తర్వాత దాని హైదరాబాద్ శాఖలో పనిచేశారు, తర్వాతి కాలంలో ఆ సంస్థకే అధ్యక్షురాలయ్యారు. కాబట్టి 1952లో ఎవరో చెయ్యిపట్టి తీసుకొచ్చి నిలబెట్టిన మనిషి కారామె. అప్పటికి వయసు యాభై. సంఘాలు నడపడంలో మూడు దశాబ్దాల అనుభవం ఉంది.

1952లో ఓటు వేసినవాళ్లు

ఆమె తొలి ఎన్నిక ఎలాంటి పరిస్థితిలో జరిగిందో చెప్పకుండా ఆ గెలుపును అర్థం చేసుకోలేం. 1948 సెప్టెంబర్‌లో పోలీసు చర్య జరిగింది. ఆ తర్వాత జిల్లాల్లో ముస్లింల మీద జరిగిన హత్యాకాండపై పండిట్ సుందర్‌లాల్ బృందం నివేదిక ఇచ్చింది. తక్కువలో తక్కువగా చూసినా చనిపోయినవారు 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటారని అందులో అంచనా వేసింది. ఆ నివేదికను దశాబ్దాలపాటు తొక్కిపెట్టారు. 2013 నాటికి గాని అందరికీ అందుబాటులోకి రాలేదు. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. జాగీర్లు పోవడం న్యాయమే. కాని వాటిమీద ఆధారపడిన గుమాస్తాలు, నౌకర్లు, వంటమనుషులు, దాయీలు వీధిన పడ్డారు. నిజాం సైన్యాన్ని రద్దు చేశారు. జిల్లాల్లో మగవాళ్లను పోగొట్టుకున్న కుటుంబాలు నగరానికి వచ్చాయి. పాతబస్తీలో ఎన్ని ఇళ్లలో స్త్రీలు మొదటిసారి కూలిపనికి చెయ్యి చాచారో లెక్క రాసినవాళ్లు లేరు.

ఈ భయంలో, ఈ పేదరికంలో మూడేళ్లు తిరగకుండానే వయోజన ఓటు వచ్చింది. మజ్లిస్ అప్పుడు రంగంలో లేదు. కాసిం రజ్వీ జైల్లో ఉన్నాడు. పాతబస్తీ ముస్లింలకు కాంగ్రెస్ మీద ప్రేమ పుట్టడానికి కారణమేమీ లేదు, ఢిల్లీ మీద, నెహ్రూ మీద ఏదో ఒక ఆశ తప్ప. కాంగ్రెస్‌కు కూడా ఒక అవసరం ఉంది. రజాకార్ల నీడ పడని, చదువుకున్న, పెద్దింటి ముస్లిం ముఖం దానికి కావాలి. మాసూమా బేగం ఆ అవసరానికి సరిపోయారు. ఆమెకు టికెట్ రావడంలో ఆమె పని ఎంత ఉందో, పార్టీ లెక్క కూడా అంత ఉంది.

స్త్రీల ఓటు గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఆ తొలి ఎన్నికలప్పుడు దేశం మొత్తం మీద సుమారు 28 లక్షల మంది స్త్రీలను ఓటర్ల జాబితాల నుంచి తొలగించారు. వాళ్లు తమ పేర్లు చెప్పకుండా "ఫలానా వారి భార్య", "ఫలానా వారి తల్లి" అని రాయించుకున్నారు. సొంత పేరు లేని ఓటరు చెల్లదని ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ నిర్ణయించారు. తొలగించినవారిలో ఎక్కువమంది బీహార్, ఉత్తరప్రదేశ్, రాజస్థాన్ వైపు స్త్రీలు. ఎక్కువగా హిందూ స్త్రీలున్న ఆ ప్రాంతాల్లో పేరు చెప్పడమే మర్యాద తప్పడం అనుకున్నారు. పర్దాను ముస్లింలకు, పాతబస్తీకి మాత్రమే అంటగట్టేవాళ్లు ఈ అంకెను గుర్తుపెట్టుకోవాలి.

మూడు దారులు

1952లో హైదరాబాద్ శాసనసభకు వెళ్లిన స్త్రీ మాసూమా బేగం ఒక్కరే కాదు. ఆలేరు నుంచి ఆరుట్ల కమలాదేవి, బాన్సువాడ నుంచి సంగం లక్ష్మీబాయి, పరిగి నుంచి షాజహాన్ బేగం ఉన్నారు. వీళ్లలో ముగ్గురు వచ్చిన దారులను పక్కపక్కన పెట్టి చూడండి.

కమలాదేవి సాయుధ పోరాటం నుంచి వచ్చారు. దళాలతో తిరిగారు, జైలుకెళ్లారు. ఆలేరు ప్రజలు ఆమెను 1952, 1957, 1962 ఎన్నికల్లో వరుసగా మూడుసార్లు గెలిపించారు. ఆమె వెనక గ్రామాల్లో సంఘం ఉంది. లక్ష్మీబాయి గాంధేయ దారిలో వచ్చారు. సైదాబాద్‌లో ఇందిరా సేవాసదన్ పెట్టారు. మనం రోజూ బస్సులో చెప్పే 'ఐ.ఎస్. సదన్' స్టాపు అదే. తర్వాత ఆమె 1957లో వికారాబాద్ నుంచి, 1962లో, 1967లో మెదక్ నుంచి లోక్‌సభకు వెళ్లారు. ఆమె వెనక సంస్థ ఉంది, పార్టీలో స్థానం ఉంది. మాసూమా బేగం వెనక అంజుమన్ ఉంది, మహిళా సభ ఉంది. కాని అవి చదువుకున్న, పెద్దింటి స్త్రీల సంఘాలు. బడులు పెట్టాయి, వైద్య సహాయం చేశాయి, కుట్టుపని నేర్పాయి. అవి మేలు చేశాయి. మేలు పొందిన స్త్రీలు మాత్రం సంఘంలో నిర్ణయాలు చేసేవాళ్లు కాలేదు. రేపు ఎన్నికల్లో గడపగడపకూ తిరిగి "ఈమె మా మనిషి" అని చెప్పేవాళ్లు అలాంటి సంఘాల్లోంచి తయారవరు.

మీలో చాలామంది స్వచ్ఛంద సంస్థల్లో పనిచేస్తున్నారు కాబట్టి ఈ తేడాను నొక్కి చెబుతున్నాను. లబ్ధిదారుల జాబితా పొడుగ్గా ఉన్నంత మాత్రాన అది సంఘం అయిపోదు.

మంత్రి పదవి

1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. 1957లో ఎన్నికలు తెలంగాణ ప్రాంతంలోనే జరిగాయి, ఆంధ్ర ప్రాంతం సభ్యులు 1955లో ఎన్నికైనవాళ్లు కొనసాగారు. మాసూమా బేగం ఈసారి పత్తర్‌గట్టి నుంచి గెలిచారు. 1960 జనవరిలో దామోదరం సంజీవయ్య ముఖ్యమంత్రి అయ్యారు. దేశంలో తొలి దళిత ముఖ్యమంత్రి. ఆ ప్రభుత్వంలో మాసూమా బేగం సాంఘిక సంక్షేమ మంత్రి అయ్యారు. మన దేశంలో మంత్రి పదవి చేపట్టిన తొలి ముస్లిం మహిళగా ఆమెను చెప్పుకుంటారు. రాజ్యాంగ సభలో ఏకైక ముస్లిం మహిళ అయిన బేగం ఐజాజ్ రసూల్ ఉత్తరప్రదేశ్‌లో మంత్రి కావడానికి 1969 దాకా పట్టింది.

దళిత ముఖ్యమంత్రి, ముస్లిం మహిళా మంత్రి. 1960లో ఇది చిన్న విషయం కాదు. కాని రెండు సంగతులు చూడాలి. స్త్రీకి ఇచ్చిన శాఖ సంక్షేమం. రెవెన్యూ కాదు, హోం కాదు, ఆర్థికం కాదు. స్త్రీ మంత్రి అయితే ఇంటిపనికి కొనసాగింపులాంటి శాఖే ఇవ్వాలన్న ఆనవాయితీ అప్పుడే మొదలైంది, ఇంకా పూర్తిగా పోలేదు. రెండోది, ఆ సంజీవయ్య గారి పదవే రెండేళ్లకు, 1962 మార్చిలో ముగిసింది. పైనుంచి ఇచ్చిన స్థానం ఎంత త్వరగా వస్తుందో అంత త్వరగా పోతుంది.

1962 ఓటమి

1957లో మజ్లిస్‌ను అబ్దుల్ వాహిద్ ఒవైసీ తిరిగి నిలబెట్టారు. 1960 మునిసిపల్ ఎన్నికల్లో ఆయన కుమారుడు సుల్తాన్ సలావుద్దీన్ ఒవైసీ మల్లేపల్లి నుంచి కార్పొరేషన్‌కు ఎన్నికయ్యారు. రెండేళ్లు తిరిగేసరికి పత్తర్‌గట్టిలో మంత్రి మాసూమా బేగంను ఓడించి శాసనసభలో అడుగుపెట్టారు. అప్పటికి ఆయన వయసు 31.

ఈ ఓటమిని మూడు రకాలుగా చదవవచ్చు. మొదటిది, ఆమె స్త్రీ కాబట్టి ఓడిపోయారనడం. రెండుసార్లు గెలిపించిన ఓటర్ల ముందు ఈ వాదన నిలవదు. రెండోది, మతతత్వం గెలిచింది, లౌకికవాదం ఓడింది అనడం. కాంగ్రెస్ అభిమానులకు ఈ చదువు ఇష్టం. కాని పదేళ్లలో కాంగ్రెస్ పాతబస్తీకి ఏం చేసిందన్న ప్రశ్నను ఇది మాయం చేస్తుంది. 1948 గాయం గురించి ఆ పార్టీ బహిరంగంగా ఒక్క మాట మాట్లాడలేదు. ఉద్యోగాలు పోయాయి. కొత్త ఆఫీసులు, కొత్త పరిశ్రమలు మూసీ దాటి అవతల వచ్చాయి. ఉర్దూ చదివినవాళ్లకు కొలువు తలుపులు మూసుకుపోయాయి. ఆ అసంతృప్తిని వీధిలోకి వెళ్లి పలికినవాళ్లకు ఓటు పడింది. మూడోది మన చదువు. మజ్లిస్ సమాజం బాధను పలికింది గాని, ఆ సమాజానికి ప్రతినిధి పురుషుడే అయి ఉండాలన్న నియమాన్ని కూడా వెంట తెచ్చింది. కాంగ్రెస్ స్త్రీకి టికెట్ ఇచ్చింది గాని, సమాజం బాధను పలకనివ్వలేదు. పాతబస్తీ ముస్లిం స్త్రీకి ముస్లింగా తన బాధ, స్త్రీగా తన బాధ రెండూ ఒకే నోటితో చెప్పుకునే చోటు ఈ రెండు పార్టీల్లోనూ దొరకలేదు. అసలు ఓటమి అదేనని నేను అనుకుంటున్నాను.

ఇంకో చిత్రం. ఆమె ఓడిన 1962లోనే వనపర్తి రాణి కుముదినీ దేవి హైదరాబాద్ నగరానికి తొలి మహిళా మేయర్ అయ్యారు. కాంగ్రెస్‌కు స్త్రీలు కరువు కాలేదన్నమాట. 1974లో మాసూమా బేగంకు పద్మశ్రీ ఇచ్చారు. గౌరవం ఇచ్చారు సరే, ఆమె వెనక మరో ముస్లిం స్త్రీని పాతబస్తీ నుంచి సభకు పంపలేదు.

ఆ తర్వాతి పట్టిక

ఆమెను ఓడించిన సలావుద్దీన్ ఒవైసీ రికార్డు చూడండి. 1962లో పత్తర్‌గట్టి, 1967లో చార్మినార్, 1972లో యాకుత్‌పురా, 1978లో, 1983లో మళ్లీ చార్మినార్. శాసనసభకు 5 సార్లు. 1984 నుంచి 1999 దాకా హైదరాబాద్ లోక్‌సభ స్థానంలో వరుసగా 6 గెలుపులు. పత్తర్‌గట్టి నియోజకవర్గం 1967 నాటికి పట్టికలోనే లేదు. చాంద్రాయణగుట్ట 1978లో ఏర్పడింది. అమానుల్లా ఖాన్ 1994 దాకా 5 సార్లు, 1999 నుంచి 2023 దాకా అక్బరుద్దీన్ ఒవైసీ 6 సార్లు గెలిచారు. యాకుత్‌పురాలో ముంతాజ్ అహ్మద్ ఖాన్ 1994 నుంచి 5 సార్లు, 2018లో చార్మినార్‌లో మరోసారి. బహదూర్‌పురా 2009లో వచ్చింది, అక్కడా పురుషులే. నియోజకవర్గాలు మారాయి, సరిహద్దులు మారాయి, పార్టీలు చీలాయి. 1993లో మజ్లిస్ నుంచి అమానుల్లా ఖాన్ విడిపోయి మజ్లిస్ బచావో తెహ్రీక్ పెట్టారు. ఒక్కటి మారలేదు. 1967 నుంచి 2023 దాకా ఈ నాలుగు స్థానాల్లో ఒక్క స్త్రీ గెలవలేదు. పక్కనున్న మలక్‌పేటలో 1967, 1972 ఎన్నికల్లో కాంగ్రెస్ నుంచి సరోజినీ పుల్లారెడ్డి గెలిచారు. అది తప్ప చెప్పుకోవడానికి పెద్దగా లేదు.

ఇది పాతబస్తీ తప్పే అనుకుంటే మిగతా తెలంగాణను కూడా చూడాలి. 2023లో 119 మంది శాసనసభ్యుల్లో స్త్రీలు 10 మంది. తెలంగాణ రాష్ట్రం ఏర్పడ్డాక 2014, 2018, 2023 ఎన్నికల్లో ఒక్క ముస్లిం స్త్రీ కూడా ఎన్నిక కాలేదు. ఏ పార్టీ నుంచీ కాలేదు.

ఎక్కలేని మెట్లు

"అనుభవం ఉన్న స్త్రీలు దొరకడం లేదు" అంటారు పార్టీల నాయకులు. 74వ రాజ్యాంగ సవరణ తర్వాత ఈ సాకు చెల్లదు. హైదరాబాద్ కార్పొరేషన్‌కు 2002లో, 2009లో, 2016లో, 2020లో స్త్రీల రిజర్వేషన్‌తో ఎన్నికలు జరిగాయి. చివరి రెండుసార్లు 150 డివిజన్లలో సగం స్త్రీలవే. మజ్లిస్ 2016లో 44, 2020లో 44 డివిజన్లు గెలిచింది. వాటిలో స్త్రీలు గెలిచినవి ఎన్నో ఉన్నాయి. బురఖా వేసుకుని నామినేషన్ వేశారు, బురఖా వేసుకునే ప్రమాణం చేశారు. ఓటర్లు ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

ఇప్పుడు మగవాళ్ల మెట్లు చూడండి. సలావుద్దీన్ ఒవైసీకి కార్పొరేషన్ నుంచి శాసనసభకు రెండేళ్లు పట్టింది. 2023లో చార్మినార్‌లో గెలిచిన మీర్ జుల్ఫికర్ అలీ, నాంపల్లిలో గెలిచిన మాజిద్ హుసేన్ ఇద్దరూ మాజీ మేయర్లు. అంటే కార్పొరేషన్ మగవాళ్లకు మెట్టు. పాతబస్తీలో స్త్రీ కార్పొరేటర్లకు అదే చివరి మెట్టు. డివిజన్ జనరల్ కాగానే ఆమె ఇంటికి, భర్తో మరిదో సీటుకి. ఆమె పదవిలో ఉన్న రోజుల్లో కూడా ఫోన్ ఎవరు ఎత్తుతారో, ఫైలు మీద మాట ఎవరు చెబుతారో మీకు నేను చెప్పక్కర్లేదు. ఇది ముస్లిం సమాజానికే ఉన్న జబ్బు అని మాత్రం అనకండి. మన పల్లెల్లో 'సర్పంచ్ భర్త' అనే పదవి ఎంత గట్టిదో అందరికీ తెలుసు. మెట్లు ఎక్కిన స్త్రీ లేకపోలేదు. ఈశ్వరీబాయి చిలకలగూడ కౌన్సిలర్‌గా మొదలై 1967లో, 1972లో ఎల్లారెడ్డి నుంచి శాసనసభకు వెళ్లారు. పెద్ద పార్టీ అండ లేని దళిత స్త్రీ. ఆమెకు సాధ్యమైంది పాతబస్తీ కార్పొరేటరుకు ఎందుకు సాధ్యం కాకూడదు?

చట్టం వచ్చింది, మన వైఖరి ఏమిటి?

1996లో మహిళా రిజర్వేషన్ బిల్లు పార్లమెంటు ముందుకు వచ్చింది. 2010లో రాజ్యసభ ఆమోదించింది. లోక్‌సభలో ఆగిపోయింది. 2023 సెప్టెంబర్‌లో 106వ సవరణగా చట్టమైంది. చట్టసభల్లో మూడో వంతు స్థానాలు స్త్రీలకు. అమలును మాత్రం జనగణనతో, నియోజకవర్గాల పునర్విభజనతో ముడిపెట్టారు. లోక్‌సభలో అనుకూలంగా 454 ఓట్లు, వ్యతిరేకంగా 2. ఆ రెండులో ఒకటి హైదరాబాద్ సభ్యుడు అసదుద్దీన్ ఒవైసీది. రెండోది ఆయన పార్టీ సభ్యుడు ఇంతియాజ్ జలీల్‌ది.

ఇక్కడ మనం జాగ్రత్తగా మాట్లాడాలి. వెనకబడిన తరగతుల స్త్రీలకు, ముస్లిం స్త్రీలకు ఉపకోటా లేదు కాబట్టి వ్యతిరేకించామన్నది వాళ్ల వాదన. ఆ వాదనలో పస ఉంది. ఎస్సీ, ఎస్టీ స్త్రీలకు లోపలి వాటా ఉంది, మిగిలినవారికి లేదు. ముస్లిం స్త్రీలు చట్టసభల్లో దాదాపు లేనే లేరన్నది నిజం. 1990ల చివర్లోనే దళిత, వెనకబడిన కులాల స్త్రీలు మన సభల్లో ఈ ప్రశ్న లేవదీశారు. అగ్రవర్ణ స్త్రీవాదులు చాలాకాలం దాటవేశారు. కాబట్టి ఉపకోటా డిమాండ్‌ను మనం సొంతం చేసుకోవాలి. అదే సమయంలో ఆ పార్టీని అడగాలి. ఉపకోటా చట్టంలో లేదు, సరే. మీ టికెట్లు మీ చేతిలోనే ఉన్నాయి గదా? ఆరు దశాబ్దాల్లో మీ పార్టీ నుంచి ఒక్క ముస్లిం స్త్రీ శాసనసభకు ఎందుకు వెళ్లలేదు? ఈ ప్రశ్న వేసే నైతిక హక్కు ముందు పాతబస్తీ స్త్రీలది.

ఇంకోవైపు ప్రమాదం కూడా ఉంది. 2024 లోక్‌సభ ఎన్నికల్లో హైదరాబాద్‌లో భారతీయ జనతా పార్టీ మాధవీలతను నిలబెట్టింది. ఆమె 3,38,087 ఓట్ల తేడాతో ఓడిపోయారు. పోలింగ్ రోజున బురఖా వేసుకున్న ఓటర్ల ముసుగు తీయించి గుర్తింపు కార్డులు చూస్తున్న వీడియో బయటికి వచ్చి ఆమెపై కేసు నమోదైంది. అభ్యర్థి స్త్రీ. ముసుగు తీయమన్నది పోలింగ్ కేంద్రానికి వచ్చిన మరో స్త్రీని. స్త్రీ నిలబడితే చాలదు, ఎవరి పక్షాన నిలబడిందన్నది కూడా మనకు ముఖ్యం.

మనం చేయగలిగినవి

మీ ముందు నాలుగు పనులు పెడుతున్నాను.

ఒకటి. పాతబస్తీలో 2002 నుంచి కార్పొరేటర్లుగా పనిచేసిన స్త్రీలందరి జాబితా మనమే తయారుచేద్దాం. ఏ డివిజన్, ఎన్నిసార్లు, ఏం పని చేశారు, తర్వాత ఏమయ్యారు. వాళ్ల దగ్గరికి వెళ్లి వాళ్ల మాటల్లో, ఉర్దూలోనే రాసుకుందాం. పార్టీల దగ్గర ఈ జాబితా ఉండదు, వాళ్లకు అవసరం లేదు.

రెండు. ఓటర్ల జాబితాలో స్త్రీల పేర్లు చూడండి. పెళ్లై ఇల్లు మారిన అమ్మాయి, విడాకులై పుట్టింటికి వచ్చిన స్త్రీ, కిరాయి ఇళ్లు మారుతూ తిరిగే విధవ - వీళ్ల పేర్లే ముందు పోతాయి. 1952లో పేరు చెప్పుకోలేక పోయిన ఓట్లకూ, ఇవాళ చిరునామా లేక పోతున్న ఓట్లకూ పెద్ద తేడా లేదు.

మూడు. మీ సంస్థలో పొదుపు సంఘం, కుట్టు కేంద్రం, కౌన్సెలింగ్ కేంద్రం ఏది ఉన్నా, అందులోని స్త్రీలు నిర్ణయాలు చేసే స్థానంలో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టండి. అంజుమన్ల చరిత్ర మనకు నేర్పేది ఇదే.

నాలుగు. ఎన్నికలు రాకముందే, అన్ని పార్టీల నగర కమిటీలకూ రాతపూర్వకంగా అడుగుదాం. పాతబస్తీలో ఏ స్థానం స్త్రీకి ఇస్తారు, ఎవరికి ఇస్తారు అని. ఇవ్వనివాళ్ల పేర్లు కూడా ప్రచురిద్దాం.

మాసూమా బేగంను దేవతను చేయడానికి ఈ ప్రసంగం చేయలేదు. ఆమె పార్టీకి, ఆమె వర్గానికి ఉన్న పరిమితులన్నీ ఆమెకూ ఉన్నాయి. కాని పాతబస్తీ స్త్రీని ఎన్నుకోదని రేపు ఎవరైనా మీతో అంటే, షాలిబండ 1952, పత్తర్‌గట్టి 1957 అని జవాబు చెప్పండి. ఓటర్లు ఆనాడే తమ పని చేశారు. టికెట్ ఇవ్వవలసినవాళ్లే ఆ తర్వాత తమ పని మానేశారు.

ఇక మీ అనుభవాలు వినాలని ఉంది. ముఖ్యంగా కార్పొరేటర్లుగా పనిచేసి ఇక్కడికి వచ్చిన సోదరీమణులు ముందు మాట్లాడాలని కోరుతున్నాను.